తాయారడుగు

"మీ ఊళ్ళో ఆడవాళ్ళకి ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందమ్మా?" అని డాక్టర్ జుబేదా గొంతు తగ్గించి అడిగేసరికి నీలవేణి చేతిలో క్యారేజీలు కింద పెట్టేసింది.

"ఎలా ఉందండీ?"

"అందరికీ కుడి తుంటే. ఒక్కరు కూడా తప్పించుకోలేదు. ఇలాంటిది నేను పుస్తకాల్లో కూడా చదవలేదు."

నీలవేణి తలుపు సందులోంచి వరండాలోకి చూసింది. పొన్నలపాలెం ఆడవాళ్ళు పదిమంది బల్లల మీద వరసగా కూర్చుని, స్టీలు డబ్బాలో తెచ్చుకున్న జంతికలు పంచుకు తింటూ, ఆ ప్రయోగశాల అద్దాలు అదిరేలా నవ్వుతున్నారు. ఒక్కరి మొహంలోనైనా రోగం కళ ఉంటే ఒట్టు. భూలక్ష్మి అయితే తెల్లారకుండా గేదెలకి గడ్డి కోసి, పాలు పితికి, మొదటి బస్సు పరిగెత్తి ఎక్కిన మనిషి. కానీ కంప్యూటరు వేరేలా చెబుతోంది. తెర మీద వాళ్ళ నడక తాలూకు పది ఆకుపచ్చ గీతలు. ప్రతి గీతా ఒకేచోట కిందికి దిగి, రవ్వంత ఆగి, విసురుగా లేస్తోంది.

నిజానికి వాళ్ళు కాకినాడ వచ్చింది రోగం చూపించుకోవడానికి కాదు, నడక దానం చెయ్యడానికి.

రోగి వేరు. నీలవేణి అత్తగారు మంగతాయారు. ఆవిడ పుట్టడమే కుడి తుంటి గిన్నె లోతు లేకుండా పుట్టింది. తొడ ఎముక తల ఆ గిన్నెలో కుదురుగా కూర్చోవాలి. ఆవిడకది పళ్ళెంలో నిమ్మకాయలా జారిపోతూ ఉండేది. ఉయ్యాల్లో ఉండగా ఎవరైనా కనిపెట్టుంటే పట్టీలు కట్టి సరిచేసేవారు. కనిపెట్టే నాథుడు లేడు. "నడక కొత్త కదా, అదే సర్దుకుంటుంది" అన్నారు. అది సర్దుకోలేదు, తాయారే సర్దుకుంది.

ఎలా సర్దుకుందో ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. చిన్నప్పుడు కోలాటంలో చేరతానంటే, వరస పాడవుతుందని గురువు వద్దన్నాడట. బయట నిలబడి చూసి చూసి, ఆ పిల్ల తన కుంటి నడకనే తాళంలో ఇరికించేసింది. కుడికాలు లోపలికి వాలి, క్షణం ఆగి, తరవాతి దెబ్బకి ఎగిరి లేస్తుంది. పెద్దయ్యాక తనే జట్టు కట్టి పదిమందికీ అదే నేర్పింది. జనం దానికి తాయారడుగు అని పేరు పెట్టారు. పొన్నలపాలెం జట్టు వస్తోందంటే పక్క ఊరి జట్లు కర్రలు సంచుల్లో పెట్టేసుకునేవి.

ఇప్పుడా తుంటిలో గుజ్జు పూర్తిగా అరిగిపోయింది. ఎముక మీద ఎముక రాసుకుంటోంది. తాయారు ఏడాదిగా నేల మీద కూర్చోలేదు, మంచం మీద పక్కకి తిరగలేదు. గిన్నె లోతు లేదు కాబట్టి ఉక్కు కీలు పెట్టినా పట్టు నిలవదని పెద్దాసుపత్రిలో చెప్పేశారు. అప్పుడెవరో డాక్టర్ జుబేదా పేరు చెప్పారు. ఆవిడ కీళ్ళు పెంచుతుంది.

మాట వరసకి కాదు, నిజంగానే పెంచుతుంది. తాయారు ఎముక మూలగలోంచి చుక్క తీసి, గోరువెచ్చటి ద్రవం నిండిన గాజు తొట్టెలో వేసి, కొత్త గిన్నె, కొత్త బంతి మొలిపించింది. నీలవేణి మొదటిసారి తొంగి చూసినప్పుడు అవి లేత తాటిముంజల్లా తెల్లగా, మెత్తగా ఉన్నాయి.

"ఇంత మెత్తటిది మా అత్తయ్యని మోస్తుందాండీ?" అని అడిగింది.

డాక్టరు ఆమె నడుముకి ఓ వెడల్పాటి పటకా బిగించి, "ఓ అడుగు వెయ్యి" అంది. నీలవేణి వేసింది. తొట్టెలో రెండు యంత్రపు చేతులు బంతిని గిన్నెలోకి నొక్కి వదిలాయి.

"చూశావా? నీ అడుగు బరువు దానిమీద పడింది. ఎముకకి తిండి కంటే ముందు బరువు కావాలి. కొన్ని వారాలు రోజూ ఇలా ఒక మనిషి నడిస్తే, ఆ నడకని బట్టి అది గట్టిపడుతుంది. నడిచే మనిషి మీ అత్తగారి ఎత్తూ బరువూ ఉండాలి. నడక బాగుండాలి. మేం నడకదాత అంటాం."

ఆ ముక్క ఊళ్ళో చెప్పగానే జట్టు జట్టంతా బయల్దేరింది. "మా తాయారక్కకి మేం నడవకపోతే ఇంకెవరు నడుత్తారు?" అని భూలక్ష్మి చీర కుచ్చిళ్ళు దోపింది. నీలవేణి కూడా వచ్చింది, అన్నం క్యారేజీలు మొయ్యడానికి. నువ్వు నడుస్తావా అని ఆమెనెవరూ అడగలేదు. ఆమెకీ తోచలేదు.

ఎందుకంటే నీలవేణి తాళం రాని కోడలు. అంత పేరున్న గురువింటికి కోడలై వచ్చి, కోలాటంలో ఆర్నెల్లు కూడా నిలవలేకపోయింది. పాట ఎటు పోయినా ఆమె కాలు తన దారిన తను పోయేది. పక్క మనిషి కర్ర వచ్చేసరికి ఈమె కర్ర ఉండేది కాదు. ఈమె కర్ర వచ్చేసరికి పక్క మనిషి వెళ్ళిపోయేది. ఆఖరికి తాయారు చేతులు జోడించి, "నువ్వు గట్టున కూచుని మా మైకు చూసుకో తల్లీ, నీకు పున్నెముంటాది" అంది. అందరూ నవ్వారు. నీలవేణీ నవ్వింది. ఆ రాత్రి దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది కూడా. అప్పటినుంచీ ఆమె చోటు గట్టు మీదే.

ఇక డాక్టర్ జుబేదా సంగతి. పదిమందికీ ఎక్స్‌రేలు తీయించింది. తుంటి కీళ్ళు పదహారేళ్ళ పిల్లల్లో ఉన్నట్టు నిగనిగలాడుతున్నాయి. దాంతో ఆవిడకి ఇంకా మతిపోయింది. రక్తం తీయించింది. బోరు నీళ్ళు పట్టుకురమ్మని ఊరికి మనిషిని పంపింది. "ఎముకలో లేదంటే నరంలో ఉండాలి" అని తనలో తను అనుకుంటూ బల్ల చుట్టూ తిరిగింది. రోగానికి పొన్నలపాలెం వ్యాధి అని పేరు కూడా ఖాయం చేసేసినట్టుంది, కాగితం మీద రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

"ఏటండీ, మమ్మల్ని వరసబెట్టి సూదులు పొడిచేత్తన్నారు? మేం నడవడానికొచ్చాం గానీ పడుకోడానికి రాలేదు," అని చిట్టెమ్మ గొడవకి దిగింది.

"ఒక్కసారి అందరూ ఆ చివరి దాకా వెళ్ళి రండమ్మా," అని డాక్టరు బతిమాలింది.

పదిమందీ లేచి వరండాలో వరసగా నడిచారు. చెప్పులు గది బయటే విప్పేశారు కాబట్టి కాళ్ళ చప్పుడు నున్నటి గచ్చు మీద స్పష్టంగా వినబడింది. గట్టు మీద కూర్చుని పదేళ్ళు విన్న చప్పుడది. నీలవేణి ఒక్కక్షణం తెల్లబోయింది, మరుక్షణం పకపకా నవ్వడం మొదలెట్టింది. ఆపుకోలేక గోడ పట్టుకుంది.

"ఏమైందమ్మా?" అంది డాక్టరు కంగారుగా.

"ఇది జబ్బు కాదండీ. మా అత్తయ్యండి."

"అంటే?"

"ఆవిడ అడుగండీ. ఇరవయ్యేళ్ళు నేర్పింది కదా, వాళ్ళ కాళ్ళలో ఉండిపోయింది. చెరువు గట్టు మీద నడిచినా, కిరాణా కొట్టుకెళ్ళినా ఇదే. రోజూ చూస్తున్నాం కాబట్టి మా కంటికి ఆనలేదు."

విషయం అర్థమవడానికి డాక్టరుకి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక తను కూడా స్టూలు మీద కూలబడి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వు ఆగాక మొహం వాడిపోయింది. "మరి దాత లేనట్టేగా? ఈ నడక పెడితే కొత్త కీలు కూడా వంకరగానే గట్టిపడుతుంది. నాలుగేళ్ళలో మళ్ళీ అరుగుతుంది. తొట్టెలో అది ఎక్కువ రోజులు ఆగదు. నడిపించకపోతే గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది."

భూలక్ష్మి ఠక్కున నీలవేణి రెక్క పట్టుకుని ముందుకి లాగింది. "ఇదుందిగా అండీ! ఎత్తూ బరువూ తాయారక్కంతే ఉంటాది. తాళం రానిది మా జట్టు మొత్తానికి ఇదొక్కత్తే."

పటకా కట్టారు. నీలవేణి ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది. తెర మీద గీత సముద్రం ఒడ్డున చిన్న అలల్లా ఒకే తీరుగా లేచి, ఒకే తీరుగా దిగింది. డాక్టరు అనుమానమొచ్చి పాట పెట్టించింది. గీత మారలేదు. చప్పట్లు కొట్టించింది. మారలేదు.

"ఇంత సమంగా నడిచే మనిషిని నేనింతవరకూ చూడలేదు," అంది డాక్టరు. "నీ నడకని ఏదీ వంచలేదమ్మా."

పుట్టి బుద్ధెరిగాక నీలవేణి కాళ్ళని మెచ్చుకున్నది ఆవిడొక్కతే. నీలవేణికి సిగ్గూ సంతోషమూ కలిసి ఏం చెయ్యాలో తెలియక ఖాళీ క్యారేజీలు సర్దడం మొదలెట్టింది.

కానీ ఇంటికొచ్చి చెప్పగానే తాయారు మొహం మాడిపోయింది.

"ఒకసారి ఆ కీలు నా కోడలి నడక నేర్చుకుంటే, మళ్ళీ నా అడుగు నాకొత్తాదా?" అని ఫోన్‌లో డాక్టరునే సూటిగా అడిగింది.

డాక్టరు అబద్ధం చెప్పలేదు. "రాదమ్మా. కీలు నేర్చుకున్న నడక మర్చిపోదు. మీ కుంటి నడక పోతుంది. దాంతోపాటు దానిమీద కట్టుకున్నదీ పోతుంది. కోడలి నడకే మీ నడక."

"అయితే నాకొద్దు," అని తాయారు ఫోన్ పెట్టేసింది.

కొడుకు వీరబాబు ఓ పూటంతా బతిమాలాడు. జట్టు వాళ్ళు వచ్చి ఏడ్చారు. తాయారు కదల్లేదు. "ఊళ్ళో పిల్లలు కుంటితాయారు అనేవోరు. ఆ నోళ్ళతోటే తాయారడుగు అనిపించాను. అది పోతే నేనెవర్నిరా? మూలన కూచున్న ముసిల్దాన్ని. దానికంటే నొప్పే నయం," అంది.

నీలవేణికి కోపం రాలేదు గానీ మనసు చివుక్కుమంది. అత్తగారి దగ్గర దొంగతనం చెయ్యబోయి దొరికిపోయినట్టు అనిపించింది. రేపు ఆ అడుగు పోతే ఊరంతా తననే అంటుంది. అననక్కర్లేదు కూడా, తనకి తనే అనుకుంటుంది. అయినా మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడి, "ఒక్కసారి చూసొద్దాం రండి అత్తయ్యా. వద్దంటే ఆవిడకి మొహం మీదే చెప్పేద్దురు గానీ," అని తాయారుని కాకినాడ తీసుకెళ్ళింది.

తాయారు చేతికర్ర మీద వాలి తొట్టెలోకి చూసింది. చాలాసేపు చూసింది. గుండ్రటి బంతి, లోతైన గిన్నె. ఎక్కడా వంక లేదు.

"ఇది నాదేనా?" అంది నెమ్మదిగా.

"మీ మూలగలోంచి వచ్చిందే అత్తయ్యా. అచ్చంగా మీదే."

"ఎంత కుదురుగా కూచుందే! నాకు పుట్టుకతో ఇలా ఉంటే..." గాజు మీద వేలితో రాసింది, పసిపిల్ల బుగ్గ నిమిరినట్టు. తరవాత కోడలి వైపు తిరగకుండానే అడిగింది. "నీ నడకలో ఏముందే, నే తీసుకోడానికి?"

"ఏమీ లేదత్తయ్యా," అంది నీలవేణి. "ఆటా లేదు, పాటా లేదు. కానీ నొప్పి కూడా లేదు. అదొక్కటే ఉంది నా దగ్గర ఇవ్వడానికి. గోడకి ఆనుకుని కూర్చుని నిద్రపోతున్నారు మీరు. అది చూస్తూ నేను పడుకోలేకపోతున్నాను."

తాయారు కర్ర కొసతో కోడలి పాదం మీద తట్టింది. "అయితే నిలబడ్డావేం? నడు."

నీలవేణి నడిచింది. రోజూ పొద్దున వంట చేసి, బస్సెక్కి, పటకా కట్టుకుని నడిచింది. సముద్రపు గాలి కిటికీల్లోంచి వచ్చేది. తాయారు కుర్చీ వేయించుకుని తొట్టె పక్కన కాపలా కూర్చునేది. "అలా పరిగెట్టకు, దానికి ఆయాసమొత్తాది", "ఇందాకటి నుంచి ఎడం పక్కకే చూత్తన్నావ్, మెడ తిన్నగా పెట్టు" అని కోలాటం నేర్పినట్టే ఆరళ్ళు పెట్టేది. దాహమేస్తే మజ్జిగ కూడా ఆవిడే అందించేది. తొట్టెలో ముంజల తెలుపు మెల్లగా దంతం రంగుకి తిరిగింది. పదేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి చెప్పుకోని కబుర్లన్నీ ఆ వారాల్లో చెప్పుకున్నారు. నీలవేణికి వంకాయ కూర అసలిష్టం లేదని తాయారుకి అప్పుడే తెలిసింది.

ఆపరేషన్ అయింది. పాత కీలు తీసేశారు, కొత్తది కూర్చోబెట్టారు. కొద్దిరోజులకి నర్సులిద్దరు పట్టుకుని నిలబెట్టారు. తాయారు కళ్ళు మూసుకుని కుడికాలు ముందుకి వేసింది. నొప్పి కోసం ఎదురుచూసింది. రాలేదు. ఇంకో అడుగు వేసింది. అప్పుడూ రాలేదు.

"ఓసి నా తల్లో!" అని కేక పెట్టింది. వార్డు వార్డంతా ఇటు తిరిగింది. "నొప్పి లేదర్రా! ఏదీ, ఎక్కడుంది? వెతకండి!" నర్సులు వద్దు వద్దంటున్నా వినకుండా మంచం చుట్టూ ప్రదక్షిణం చేసింది. డాక్టర్ జుబేదా మొహానికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఇంటికొచ్చాక వీరబాబుకి కొత్త చిక్కు వచ్చిపడింది. అడుగుల చప్పుడు విని వచ్చేది తల్లో పెళ్ళామో తెలిసేది కాదు. "నీలా, ఈ చొక్కాకి బొత్తాం కుట్టవే" అని తల తిప్పకుండా అన్నందుకు తల్లి చేత మొట్టికాయ తిన్నాడు. "అమ్మా, అదింకా మూతి ముడుచుకునే ఉందా?" అని రహస్యంగా అడిగి పెళ్ళానికి దొరికిపోయాడు. చివరికి ఇద్దరిలో ఎవరో ఒకరు గజ్జెలు కట్టుకోవాలని మొరపెట్టుకున్నాడు.

తాయారు నేల మీద కూర్చుని భోంచేసింది. నిండుగా నిద్రపోయింది. రామాలయం మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. కానీ శ్రీరామనవమి దగ్గర పడుతుంటే సాధనకి కర్రలు తీసింది. పాట అందుకుని కుడికాలు లోపలికి వాల్చబోయింది. కాలు వాలలేదు. తిన్నగా వెళ్ళి తిన్నగా పడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. పాట ముందుకి పోయింది, కాలు తన దారిన తను వచ్చింది. జట్టు వాళ్ళు తలలు వంచేసుకున్నారు. తాయారు కర్రలు భూలక్ష్మి చేతిలో పెట్టి, "ఈ ఏడు నువ్వు నడిపించు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పెరట్లో, ఎవరూ లేరనుకుని, చేటలో బియ్యం ఏరుతూ ఏడ్చింది. నీలవేణి వంటింటి కిటికీలోంచి చూసింది. దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. ఆ బియ్యం మీద పడుతున్న కన్నీళ్ళకి తనే కారణమని ఆమెకి తెలుసు.

నవమి నాడు ఇద్దరూ కలిసి పందిరికి బయల్దేరారు. నీలవేణి చేతిలో మైకు సంచి. తాయారు చేతిలో కర్రల బదులు భజన తాళాలు. వీధి మలుపు తిరిగాక తాయారు ఉన్నట్టుండి ఆగింది. నీలవేణీ ఆగింది. తాయారు నడిచింది, నీలవేణి నడిచింది. తాయారు తల పక్కకి వాల్చి తమ ఇద్దరి కాళ్ళ చప్పుడు వింటోంది.

"ఏమైందత్తయ్యా? నొప్పా?"

"నోర్ముయ్. నడు."

పందిట్లో డోలక్ మొదలైంది. భూలక్ష్మి జట్టుని గుండ్రంగా తిప్పింది. పది కుడికాళ్ళు లోపలికి వాలి, ఆగి, ఎగిరి లేచాయి. జనం ఈలలేశారు. తాయారు గట్టు మీద కోడలి పక్కన కూర్చుని చూస్తోంది. ఇన్నేళ్ళలో ఆవిడ తన అడుగుని బయటి నుంచి చూడటం అదే మొదలు. ఎప్పుడూ లోపలే ఉండేది కదా. కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. "ఎంత బాగుందే!" అంది. "నాది ఇంత బాగుంటాదా?"

రెండో చరణం అయ్యేసరికి ఆవిడ లేచింది. జట్టు సంచిలోంచి రెండు జతల కర్రలు లాగింది. ఒక జత నీలవేణి ఒళ్ళో పడేసి, ఆమె చెయ్యి పట్టుకుని వరసలోకి లాక్కుపోయింది.

"అత్తయ్యా, నాకు రాదు! అందరూ చూస్తున్నారు, బాబోయ్!"

"డోలక్‌ని వినకు. పాటని వినకు. నన్ను చూడు."

పదిమంది వలయం మధ్యలో అత్తా కోడలూ ఎదురెదురుగా నిలబడ్డారు. నీలవేణి కర్రలు గట్టిగా పట్టుకుంది. అత్తగారి పాదం లేచింది. అది తన పాదమే. ఎప్పుడు లేస్తుందో, ఎంతసేపు గాల్లో ఉంటుందో, ఎక్కడ పడుతుందో చూడకుండానే తెలిసింది. కర్ర ఎత్తింది. ఈసారి ఎదుటి కర్ర అక్కడే ఉంది. టక్కుమంది.

నీలవేణి నమ్మలేదు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ టక్కుమంది. తిరిగి కొట్టింది, వంగి కొట్టింది, వెనక్కి వాలి కొట్టింది. ఒక్కటి తప్పలేదు. డోలక్ సూర్రావు కాసేపు తెల్లమొహం వేసి, తరవాత వాళ్ళ పాదాలు చూసి తన చెయ్యి సర్దుకున్నాడు. చుట్టూ పదిమంది వాలి లేస్తుంటే, మధ్యలో ఇద్దరు నిండుగా, నిదానంగా, ఒక్క మనిషిలా తిరుగుతున్నారు. పందిట్లో జనం లేచి నిలబడ్డారు.

"నీకు తాళం రాదనుకున్నానే ఇన్నాళ్ళూ," అని తాయారు రొప్పుతూ, నవ్వుతూ అరిచింది. "నీకు జంట లేదంతేనే పిచ్చిదానా!"

నీలవేణికి కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. చరణం అయిపోయింది. భూలక్ష్మి ఇంకో పాట అందుకుంది. వాళ్ళిద్దరూ మధ్యలోనే ఉండిపోయారు.